కప్పం, హాసీలు, టిక్కెట్టు: కొండదారి కథనాల్లో సందర్శకుని బాధ్యత

నెల్లూరు సీమ అనగానే సముద్రతీరం, వరిమళ్ళు, ఉప్పుటేరులు స్ఫురిస్తాయి. ఆ తీరమైదానానికి పడమటి అంచుగా ఉత్తర దక్షిణాలుగా సాగే వెలిగొండలు మన సాహిత్య చర్చలోకి అరుదుగా వస్తాయి. తీరానికి నీటిని పంపేది మాత్రం ఆ కొండలే. రాపూరు మండలంలో వెలిగొండల పాదాన ఉన్న పెంచలకోన అందుకు ఒక నిదర్శనం. అక్కడ కణ్వమహర్షి తపస్సు చేశాడనీ, ఆయన పేరిట కణ్వనదిగా పిలువబడిన ఏరే కాలక్రమంలో కండలేరు అయిందనీ స్థలపురాణం చెబుతుంది. ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రం అంగీకరించకపోవచ్చు. అయినా కొండకూ ఏటికీ సంబంధం ఉందన్న ఎరుక అందులో ఉంది. ఆ కండలేరే కృష్ణపట్నం వద్ద ఉప్పుటేరై బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఇటువంటి కొండలు నేడు పర్యాటక స్థలాలుగా మారుతున్నాయి. ఆ మార్పును పర్యావరణ శాస్త్రం ఒక విధంగా, పాలనాశాస్త్రం మరొక విధంగా పరిశీలిస్తాయి. సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. కొండకు వచ్చే పరాయివాడు ఎవరి అనుమతితో, ఏ షరతుపై, ఎవరికి ఏమి చెల్లించి లోపలికి అడుగుపెడతాడని తెలుగు కథనాలు చెప్పాయి? ఈ ప్రశ్నతో మూడు విధాల కథనాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి స్థలకథ, యాత్రాచరిత్ర, పర్యాటక ప్రచారపాఠం.

కప్పం

పెంచలకోన దైవం పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. హిరణ్యకశిప సంహారానంతరం ఉగ్రరూపంతో అడవుల్లో సంచరిస్తున్న స్వామి చెంచుల ఆడపడుచును చూసి శాంతించాడని, ఆమెను పెళ్ళాడాడని స్థలకథ. అహోబిలంలోనూ ప్రసిద్ధమైన ఈ ఇతివృత్తం ఓబయమంత్రి ‘గరుడాచలం’ యక్షగానంలో ప్రదర్శనరూపం పొందింది. 1943లోనూ, 1958లోనూ ‘చెంచులక్ష్మి’ పేరుతో చలనచిత్రాలుగా జనసామాన్యానికి చేరింది.

ఈ ఇతివృత్తాన్ని గిరిజన దైవాన్ని వైష్ణవంలోకి కలుపుకొన్న కథగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం సరైనదే గాని అది కథలోని ఒక అంశాన్ని విడిచిపెడుతుంది. కొండకు వచ్చిన పరాయివాడు సాక్షాత్తు భగవంతుడైనప్పటికీ అతనికి ప్రవేశం ఉచితంగా దొరకలేదు. పెంచలకోనలో వినవచ్చే కథనంలో స్వామి చెంచు నాయకునికి కప్పం చెల్లించి పిల్లను చేసుకున్నాడు. జనవ్యవహారంలోని కథారూపాల్లో అడవిలో బతకగల నేర్పు ఉన్నదీ లేనిదీ ఆమె అతనిని పరీక్షిస్తుంది. వచ్చినవాడు చెల్లించవలసినవాడు, పరీక్షకు నిలబడవలసినవాడు. పరీక్షించే అధికారం కొండవారిది.

కథ ఇక్కడితో ముగియదు. స్వామి రెండవ పెళ్ళికి అలిగిన ఆదిలక్ష్మి ఏటికి అవతల గట్టుకు వెళ్ళిపోయిందని చెబుతారు. అమ్మవారి ఆలయం అక్కడ వేరుగా ఉండటానికి అదే కారణమంటారు. అంటే ఒకరి రాకవల్ల మరొకరు స్థానం కోల్పోవడం కూడా ఈ స్థలకథ జ్ఞాపకం పెట్టుకున్నది. రాకకు మూల్యం ఉంటుందన్న ఎరుక కథానిర్మాణంలోనే ఉంది.

స్థలపురాణాన్ని ఆధునిక పర్యావరణ గ్రంథంగా చూపడం నా ఉద్దేశం కాదు. దర్శనమాత్రాన పాపాలు నశిస్తాయని చెప్పే క్షేత్రమాహాత్మ్యం తనదైన రీతిలో జనాన్ని ఆకర్షించే ప్రచారమే. కప్పం పుచ్చుకున్న చెంచు నాయకుని వారసులకు ఆ తరువాత ఆలయ వ్యవస్థలో ఏ స్థానం మిగిలిందన్నది వేరుగా అడగవలసిన ప్రశ్న. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: షరతు లేని ప్రవేశాన్ని ఆ కథ ఊహించలేదు.

హాసీలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, సుమారు నూరుమంది పరివారంతో కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. పోయేటప్పుడు అహోబిలం, శ్రీశైలం దర్శించాడు. వచ్చేటప్పుడు నెల్లూరు మీదుగా ప్రయాణించాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను సామాజిక చరిత్రకు ఆధారంగా వాడుకున్నంతగా స్థలవర్ణనా పద్ధతికి నమూనాగా మనం పరిశీలించలేదు.

వీరాస్వామయ్య వర్ణన ప్రధానంగా పద్దు రాసే తీరున సాగుతుంది. మజిలీ ఎక్కడ, నీళ్ళు మంచివా కావా, దినుసులు దొరుకుతాయా, దారి ఎటువంటిది, బోయీలు మోయగలరా అన్నవి ముందు వస్తాయి. ప్రకృతి శోభ ప్రస్తావన ఉన్నా అది ఈ లెక్కల మధ్యనే ఉంటుంది. నూరుమంది ఒక ఊరిలో దిగితే ఆ ఊరి బావి, అంగడి ఏ మేరకు తట్టుకోగలవన్నది అతనికి నిత్యసమస్య. నేటి పర్యాటక ప్రణాళికలో ఒక స్థలం మోయగల బరువు అని వ్యవహరించేదానికి అతని పద్దులో ప్రాథమిక రూపం కనిపిస్తుంది.

శ్రీశైల ప్రకరణంలో కప్పం స్థానంలో హాసీలు వస్తుంది. కందనూరు నవాబు యాత్రికుల నుంచి పన్ను వసూలు చేయడాన్ని, ఆ సొమ్ములో స్థలం బాగోగులకు ఖర్చుపెట్టకపోవడాన్ని రచయిత నమోదు చేశాడు. చెంచుల ప్రస్తావనా ఉంది గాని పుచ్చుకునేవారుగా వారు ఇక్కడ లేరు. స్థలకథలో కప్పం కొండవారికి ముట్టింది. యాత్రాచరిత్రలో మూల్యం దూరాన ఉన్న పాలకునికి చేరింది. అయితే ఎవరు పుచ్చుకుంటున్నారు, ఏమి ఇవ్వడం లేదు అన్న విమర్శ ఆ వచనంలో సజీవంగా ఉంది.

టిక్కెట్టు

ప్రచారపాఠానికి వస్తే ఆ విమర్శ కూడా అదృశ్యమవుతుంది. కరపత్రాల్లో, పత్రికల ఆదివారం పుటల్లో, దారిపక్క ఫలకాల మీద కొండను వర్ణించే మాటలు గుప్పెడే. ప్రకృతి ఒడి, కనువిందు, భూతలస్వర్గం, మనిషి అడుగుపడని చోటు. చివరి మాట విశేషించి పరిశీలించదగినది. వెలిగొండల్లో, వాటి పాదాన తేనె, మూలికలు సేకరించిన యానాదులు ఆ మాటలో లేరు. ఎవరూ లేని చోట ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ వర్ణన ముందుగా కొండను ఖాళీ చేస్తుంది. షరతులేని ప్రవేశం ఆ తరువాతిది.

పేర్లు మారే తీరులోనూ ఇదే కనబడుతుంది. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ, అక్కడ వేసవి విడిది ఏర్పరచుకున్న పందొమ్మిదో శతాబ్దపు కలెక్టరు పేరిట హార్స్‌లీ హిల్స్ అయింది. ఏనుగులు పెంచిన పిల్ల కొండవారికి వైద్యం చేసిందన్న కథ పాతపేరుతోపాటు వెనక్కి పోయింది. తీరానికి మరింత సమీపంలో, వరదయ్యపాళెం మండలంలోని కొండల్లో ఉన్న ఉబ్బలమడుగు జలపాతం నేడు తడ ఫాల్స్‌గానే ఎక్కువమందికి తెలుసు. తడ అన్నది పులికాట్ సరస్సు ఒడ్డున చెన్నై రహదారి మీద ఉన్న ఊరు. ‘మడుగు’ అన్న మాట నీటి స్వభావాన్ని చెప్పి లోతును గురించి హెచ్చరించింది. కొత్తపేరు సందర్శకుడు ఏ దారిన వస్తాడో మాత్రమే చెబుతున్నది. సెలవురోజుల రద్దీ, మడుగుల్లో మునిగిన యువకుల మరణాలు, సీసా పెంకులు, అటవీశాఖ ఆంక్షలు వార్తాపత్రికల పాఠకులకు పరిచితమే. వీటికి పేరుమార్పే కారణమనడం అతిశయోక్తి. కాని హెచ్చరికను కోల్పోయిన భాష ఆ నిర్లక్ష్యానికి అనుకూలించింది.

ఇక ‘ఆంధ్రా ఊటీ’ అన్న బిరుదు. హార్స్‌లీ హిల్స్‌కూ అరకుకూ కూడా దీనిని తగిలిస్తుంటారు. ఏ ఊటీని ఆదర్శంగా చూపుతున్నామో ఆ ఊటీ వాహనాల తాకిడికి తట్టుకోలేని స్థితికి వచ్చింది. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి నీలగిరులకూ కొడైకెనాల్‌కూ ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవికి నీలగిరుల్లో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకు పరిమితి విధించారు. వర్ణన విడిచిపెట్టిన షరతును న్యాయస్థానం అంకెల రూపంలో తిరిగి రాయవలసి వచ్చింది.

నియమం లేని రాకపోకలకు వెలిగొండలు ఎందుకు లొంగిపోతాయో కూడా చెప్పుకోవాలి. ఇవి ఎక్కువగా ఎండు ఆకురాల్చు అడవులు. రాతి వాలుపై మట్టి పలుచన. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనానికి తూర్పు కనుమల ఈ దక్షిణ భాగమే నెలవు. కాలిబాట వెడల్పయిన చోట మట్టి వదులవుతుంది. వేసవిలో ఆర్పని పొయ్యి కార్చిచ్చుకు దారితీస్తుంది. నెల్లూరు ప్రాంతానికి ప్రధాన వర్షాధారం అక్టోబరు–డిసెంబరు నెలల ఈశాన్య రుతుపవనం. వేసవి నుంచి కోనల్లో పేరుకున్న ప్లాస్టిక్కును, మట్టిని ఆ వానలు ఒక్క ఊపున ఏటిలోకి దించుతాయి. తెలుగుగంగ పథకంలో భాగమైన కండలేరు జలాశయం కూడా రాపూరు మండలంలోనిదే. చెన్నై నగరానికి తాగునీరు అక్కడినుంచి కాలువ ద్వారా పూండికి పోతుంది. సెలవురోజున కొండకు వచ్చే నగరవాసి తాను తాగే నీటి పరిసరాల్లోనే అడుగుపెడుతున్నాడు. ప్రచారపాఠం అతనికి ఈ సంగతి చెప్పదు.

టిక్కెట్టు, వాహన రుసుము ఉన్నచోట మూల్యం చెల్లుతూనే ఉందని వాదించవచ్చు. ఆ వాదాన్ని తోసిపుచ్చలేము. కొండమీద చిన్న అంగళ్ళతో బతికేవారికి సందర్శకుడే జీవనాధారం కూడా. అయితే టిక్కెట్టు హక్కును ఇస్తుందే తప్ప పరీక్ష పెట్టదు. కప్పం చెల్లించినవాడు సంబంధం కలుపుకొన్నాడు. టిక్కెట్టు కొన్నవాడు సాయంత్రానికి ఆ స్థలంతో లెక్క తీరిందనుకుంటాడు.

ముగింపు

2006 నాటి అటవీహక్కుల చట్టం అడవినీ, వన్యప్రాణులనూ, నీటివనరులనూ కాపాడుకునే అధికారాన్ని హక్కుదారులకూ గ్రామసభలకూ ఇచ్చింది. కొండకు ఎవరు ఎప్పుడు ఎంతమంది రావచ్చన్న నిర్ణయంలో కొండవారి మాట ఉండాలన్నది ఈ దృష్టితో చూస్తే కొత్త భావన కాదు. చెంచు నాయకుడు పుచ్చుకున్న కప్పంలోని భావమే చట్టభాషలో తిరిగి వచ్చింది.

ఈ విషయంలో తెలుగు శాఖలు చేయగల పని ఉంది. ప్రచారపాఠాలను సాహిత్యేతరాలని వదిలివేయక పరిశోధనకు స్వీకరించాలి. మరుగునపడుతున్న మడుగుల పేర్లను, కోనల పేర్లను, వాటి కథలను క్షేత్రపర్యటనల ద్వారా యానాదులు, చెంచుల నోట సేకరించాలి. పర్యాటక ఫలకాల మీది తెలుగును రాసేది చాలావరకు మన శాఖలలో చదివిన విద్యార్థులే. పెంచలకోన ఫలకం మీద జలపాతం అందం గురించి ఒక వాక్యం ఉంటే, ఈ నీరు ఎక్కడికి పోతుంది, ఈ అడవిలో ఎవరు బతుకుతున్నారు, వచ్చినవారు ఏమి చేయరాదు అన్న మూడు వాక్యాలు దాని పక్కన ఉండాలి. స్వామికి సైతం తప్పని షరతు సందర్శకునికి మినహాయింపు కాదని చెప్పడానికి ఆ మూడు వాక్యాలు చాలు.