కాఫీ పాత్రకు కాపలా: ఒక యంత్రరచనా విమర్శ

పలువురు కలిసి వాడుకొను వస్తువు ఎప్పుడును ఒక చిక్కు తెచ్చిపెట్టును. అది ఉన్నదో నిండుకొన్నదో వెళ్ళి చూచినగాని తెలియదు. నిండుకొన్నచో తిరిగి నింపవలసిన వారెవరో తేలదు. ఆఫీసులోని కాఫీ యంత్రము ఇందుకు చక్కని ఉదాహరణము. దానికి సెన్సారులు అమర్చి, దాని స్థితిని ఇంటర్నెట్టు ద్వారా తెలుపు పరికరము విద్యార్థులు చేయదగిన ప్రాజెక్టే. అయితే అట్టి రచనకు పూనుకొనుటకు ముందు, పూర్వము జరిగిన రెండు ప్రయత్నములను సరిపోల్చి చూడవలెను.

మొదటిది మిక్కిలి ప్రసిద్ధము. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు లాబొరేటరీలో, ట్రోజన్ రూము అను గది చెంత నున్న కాఫీ పాత్రకు ఎదురుగా ఒక కెమేరా నిలిపిరి. ఇతర అంతస్తులవారు మెట్లెక్కి వచ్చి ఖాళీ పాత్రను చూచి మరలిపోకుండుటయే దీని ఉద్దేశము. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ దీనికి కావలసిన ప్రోగ్రాములు వ్రాసిరి. నలుపు తెలుపుల చిన్న బొమ్మ నిమిషమునకు సుమారు మూడు సార్లు మారుచుండెను. 1993లో అది ఇంటర్నెట్టు కెక్కి లోకప్రసిద్ధమై, 2001 ఆగస్టులో ఆగిపోయినది.

రెండవది అంతకు పూర్వపుది. 1980ల ఆరంభమున అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు శీతల పానీయపు యంత్రమునకు తీగలు కలిపిరి. ఒక్కొక్క అర ఖాళీ అయినపుడు వెలుగు దీపమునే కంప్యూటరు గమనించెడిది. సీసా లోపలికి చేరి ఎంత కాలమైనదో లెక్కించి, మూడు గంటలు దాటిన దానిని "చల్లనిది" అని తెలిపెడిది.

కీర్తి మొదటిదానికి దక్కినను, రచనలో మెరుగైనది రెండవదే. కేంబ్రిడ్జి బొమ్మ కాఫీ ఎంత ఉన్నదో తెలిపినది. ఎప్పుడు కాచినదో తెలుపలేదు. వేడి పళ్ళెము మీద గంటల తరబడి నిలిచిన కాఫీ పులుపు, చేదు ఎక్కి పాడగును. పాత్ర నిండుగా నున్నంత మాత్రమున అది త్రాగదగినదని కాదు. పిట్స్‌బర్గువారు త్రాగువాని అసలు ప్రశ్నను గుర్తించిరి. అదియును మనుష్యులపై కన్ను వేయకుండ. కెమేరా పాత్రతోపాటు దానిని ఒంపుకొనువానిని కూడ చూచును. ఆఫీసులో ఇది స్వల్ప విషయము కాదు. కాఫీ కొరకు పెట్టిన కన్ను హాజరు పట్టీగా మారుటకు ఎంతో కాలము పట్టదు.

ఇక ఇట్టి పరికరము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలలో పెట్టవలెనన్నచో మరికొన్ని విషయములు విచారింపవలెను. జమ్మలమడుగు పేరనే భూవిజ్ఞానులు 19వ శతాబ్దిలో ఒక సున్నపురాతి శ్రేణిని వ్యవహరించిరి. పులివెందుల దాపున వేంపల్లె పేరిటి డోలమైటు శిలలు కలవు. అందుచే బోరు నీరు పలుచోట్ల కఠినము. నీరు కాగినపుడు కాల్షియం బై కార్బొనేటు విడిపోయి, కాల్షియం కార్బొనేటు తెల్లని పెచ్చుగా పేరుకొనును. నేలకు పరచిన కడప బండలోని ముఖ్య పదార్థమే యంత్రపు కడుపులోనూ చేరును! నీటిలో ముంచిన లోహపు కడ్డీలతో మట్టము కొలుచు పద్ధతి ఇచట త్వరలోనే తప్పుదారి పట్టును. పాత్ర క్రింద బరువు కొలుచు సెన్సారు ఉంచుట మేలు. వేడి పళ్ళెము సెగ దానికి తగులకుండ చూడవలెను. అది ఇంటర్మీడియట్ విద్యార్థి ఎరిగిన వీట్‌స్టన్ బ్రిడ్జి సూత్రముపైననే పనిచేయును. కప్పునకు 100 గ్రాములనుకొన్నచో, 10 గ్రాముల తేడా తెలిసిన చాలును. అయితే పాత్ర ఖాళీగా నుండుటకును, అసలు పాత్రయే లేకుండుటకును భేదము తెలిపి తీరవలెను.

ఇంకొక ఉపయోగము కలదు. ఒక లీటరు నీటిని 30 నుండి 95 డిగ్రీలకు వేడిచేయుటకు దాదాపు 273 కిలోజౌళ్ళు కావలెను. 1000 వాట్ల యంత్రమునకు, నష్టములు లేవనుకొన్నచో, నాలుగున్నర నిమిషములు చాలును. ఆరు నిమిషములు పట్టినచో పెచ్చు కట్టి, వేడెక్కిన యంత్రము మాటిమాటికి ఆగుచున్నదని అనుమానింపవచ్చును. కాని 230కి బదులు 200 వోల్టులే వచ్చినను శక్తి నాల్గవ వంతు తగ్గి, అదే ఆరు నిమిషములగును! ఒకే లక్షణమునకు రెండు కారణములు గలవు. వోల్టేజిని కూడ కొలువని పరికరము తప్పు రోగమునకు మందు చెప్పును. అట్లే కరెంటు పోయి వచ్చిన తరువాత పాత అంకెను క్రొత్తదిగా చూపరాదు. ప్రతి అంకె ప్రక్కన కొలిచిన వేళ ఉండవలెను.

అసలు ఇంటర్నెట్టు అవసరమా? ఒకే భవనములోని పదిమందికి గుమ్మము కడ ఒక దీపము చాలదా? 1998లో లారీ మాసింటర్ కాఫీ కుండలను నడుపుటకని ఒక హాస్య ప్రోటోకాలును ప్రకటించుట, ప్రోటోకాలులను అనవసరముగా పెంచు ధోరణిని ఎగతాళి చేయుటకే. దూరమున నున్నవానికి ఆ వార్తతో పని ఉన్నపుడే ఇంటర్నెట్టు సార్థకము.

చివరి లోపము ఏ సెన్సారుకును అందనిది. పాత్ర ఖాళీ అయినదని అందరికిని తెలిసినను, నింపువాడు లేనిచో ఫలమేమి? రాయలసీమ చెరువుల క్రింద నీటి వంతులు చూచుటకు నీరుగంటి ఉండెడివాడు. అతడు నీటిని చూచుటయే కాదు, తూము తీయుట, మూయుట కూడ అతని విధియే. చూపునకు విధి తోడైనపుడే ఉమ్మడి వస్తువు నిలుచును. కావున పరికరము రచించు విద్యార్థి మొదట వ్రాసుకొనవలసినది ప్రోగ్రాము కాదు. ఎవరికి, ఏమి తెలిసిన, ఏమి చేయుదురను ఒక్క వాక్యము.