కంపైలరుకు నిజమైన పరీక్ష

ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరును నిర్మించువారు, జనులు నిజముగా ఏమి వ్రాయుదురో ఊహించుకొనుటయే గాని లెక్కించుట అరుదు. 1971లో డొనాల్డ్ కనూత్ ఈ పని చేసెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములోను, లాక్‌హీడ్ సంస్థలోను వాడిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించగా, విలువలనిచ్చు వాక్యములలో అధికభాగము ఒకదాని విలువను మరొకదానికి ఊరక అందించునవే, కూడికయైనను లేదు! ప్రోగ్రాములో 4 శాతమునకు లోపైన భాగమే సాధారణముగా సగముకంటె ఎక్కువ కాలమును మ్రింగుచున్నది. కంపైలరు నేర్పు చూపవలసిన చోటు అదియే.

అయితే ఇవి ఒక్క భాషకు చెందిన లెక్కలు. వ్యాపారపు పద్దులు వ్రాయు కోబాల్‌కు వర్తించునని నమ్మరాదు. ఇట్టి గణాంకములనుండియే 1984లో రైన్‌హోల్డ్ వైకర్ డ్రైస్టోన్ అను కృత్రిమ ప్రోగ్రామును కూర్చెను. దాని ఫలితము ఎవరికిని అక్కరలేదు గనుక, తెలివిగల కంపైలరు కొంత పనిని తొలగించి లేని వేగమును చూపగలదు. 1989నాటి స్పెక్ పరీక్షలలో మాత్రము ఎక్కువగా నిజమైన ప్రోగ్రాములే చేరినవి. జీసీసీ అను కంపైలరు వానిలో ఒకటి.