వాచీ వదులైనప్పుడు

పాలియేటివ్ కేర్ అనగానే క్యాన్సర్ ఆస్పత్రి గుర్తొస్తుంది. నిజానికి అది మొదలవ్వాల్సింది హైదరాబాద్‌లోని చిక్కడపల్లి సందుల్లో, నారాయణగూడలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న సాయంత్రం క్లినిక్కుల్లో. తాతకు బీపీ మాత్ర, మనవడికి జ్వరం మందు ఒకే చేత్తో రాసే ఫ్యామిలీ డాక్టర్లు ఈ పేటల్లో ఇంకా ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడితే, ఇక్కడ ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లకు వీళ్లే దిక్కు. జబ్బుకే కాదు, నొప్పికీ ఆయాసానికీ భయానికీ ఇంట్లోవాళ్ల అలసటకూ వైద్యం కావాల్సిన సమయాన్ని అందరికంటే ముందు పసిగట్టగలిగేది వీళ్లే.

పేషెంటు గుమ్మం దాటి కుర్చీ చేరేలోపే సగం పరీక్ష అయిపోతుంది. పోయిన దసరాకు గబగబా వచ్చిన మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. వాచీ మోచేతి వైపు జారుతోంది. కట్టుడు పళ్లు వదులై మాట తడబడుతోంది. కొత్త డాక్టరు కంటికి ఆయన బక్కపలచని మనిషి, అంతే. పదేళ్లుగా చూస్తున్న డాక్టరుకు మాత్రం చిక్కిపోయిన మనిషి.

‘ఎలా ఉన్నారు?’ అంటే ‘బానే ఉన్నానండీ’ అనే జవాబే వస్తుంది. మన పెద్దవాళ్లు డాక్టరుగారిని కష్టపెట్టరు. అందుకే అనుభవమున్నవాళ్లు వేరేలా అడుగుతారు. గుడికి వెళ్తున్నారా? స్నానం సొంతంగా చేస్తున్నారా? అన్నమా, జావా? పగటిపూట సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో గడుస్తున్నా, కొద్ది నెలల్లో అనుకోకుండా పదేపదే ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా, మందులు సరిగా వాడుతున్నా బాధ తగ్గకపోయినా తేలిగ్గా తీసుకోకూడదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ వైద్యులు రూపొందించిన స్పిక్ట్ అనే పట్టిక కూడా ఇలాంటి గుర్తులనే చూడమంటుంది.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద గుర్తు, పేషెంటు రావడం మానేయడం. కొడుకో కోడలో పాత చీటీ తెచ్చి, ‘అవే మందులు రాసివ్వండి సార్’ అంటారు. మనిషి మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండిపోతారు. ‘ఆయనెందుకు రాలేదు?’ అని ఆగి అడిగే డాక్టరు ఆ ఒక్క ప్రశ్నతో చాలా తెలుసుకుంటారు.

డాక్టరు తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ‘ఈ మనిషి ఏడాదిలోగా పోతే నాకు ఆశ్చర్యంగా ఉంటుందా?’ ఉండదని మనసు చెబితే పాలియేటివ్ కేర్ గురించి ఆలోచించాలి. ఇది జోస్యం కాదు. చాలాసార్లు తప్పుతుంది, క్యాన్సర్ కాని జబ్బుల్లో మరీ ఎక్కువ. అయినా నష్టం లేదు, ఎందుకంటే తేల్చుకోవాల్సింది మరణ ముహూర్తం కాదు, ఇవాళ్టి అవసరం.

క్యాన్సర్‌లో దిగజారడం కొంత స్పష్టంగా కనబడుతుంది. మతిమరుపు, ముసలితనపు నీరసం ఏళ్ల తరబడి మెల్లగా సాగుతాయి. మోసపుచ్చేవి గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల జబ్బులు. ఆయాసంతో ఐసీయూలో చేరతారు, వారానికి లేచి ఇంటికొస్తారు. ‘పోయినసారీ ఇలాగే అయింది, కోలుకున్నారు కదా’ అని ఇంటిల్లిపాదీ ధైర్యపడతారు. కోలుకున్న ప్రతిసారీ మనిషి మునుపటికంటే ఒక మెట్టు కిందే ఆగుతున్నారని పాత చీటీలు వరుసగా పెట్టి చూసిన డాక్టరుకే తెలుస్తుంది.

పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమని భయపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగి, 2010లో వెలువడిన అధ్యయనంలో, మామూలు చికిత్సతోపాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు మధ్యగత (మీడియన్) లెక్కన 11.6 నెలలు బతికారు, మిగతావాళ్లు 8.9 నెలలు. పాలియేటివ్ కేర్ అందినవాళ్లలో మనసు దిగులూ తక్కువే ఉంది.

అసలు చిక్కు ఇంట్లో వస్తుంది. ‘నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ’ అని కొడుకు చెవిలో చెబుతాడు. నాన్నకు చాలావరకు తెలిసే ఉంటుంది. ‘మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీకనిపిస్తోందండీ?’ అని మెల్లగా అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా కూర్చోవడం మందు రాయడం కంటే కష్టమైన పని. బయట ముప్పైమంది వేచి ఉన్నప్పుడు మరీ కష్టం. అలా కూర్చునే డాక్టర్లకు నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

గుర్తుపట్టాక పంపడానికి ఈ ఊళ్లో చోట్లున్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగముంది. రోటరీవారి స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఉచితంగా సేవ చేస్తోంది. నొప్పికి మార్ఫిన్ దొరకడాన్ని సులువు చేస్తూ 2014లో చట్టం మార్చారు. అయినా ప్రపంచవ్యాప్తంగా పాలియేటివ్ కేర్ అవసరమైనవాళ్లలో అది అందుతున్నది దాదాపు 14 శాతానికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చాలామందిని ఎవరూ సకాలంలో గుర్తుపట్టకపోవడం కూడా అందుకొక కారణం.

చీటీ పట్టుకుని క్లినిక్‌కు వెళ్లే ఇంటివాళ్లు కూడా ఇందులో సాయపడగలరు. పేషెంటు ఈ నెలలో ఎంత బరువు తగ్గారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, నొప్పి ఏ వేళకు ఎక్కువవుతోంది, ఇవి అడక్కముందే చెప్పాలి. కనిపెట్టుకుని ఉంటున్న ఇల్లాలు తన నడుంనొప్పి సంగతి, నిద్ర లేని రాత్రుల సంగతి కూడా చెప్పాలి. ఆమె తట్టుకోలేకపోవడం సైతం డాక్టరు రాసుకోవాల్సిన లక్షణమే.