నిధి పెట్టెలో ఏం పెట్టాలి?

పోరాటాన్ని నడపడం కంటే, పోరాటం ముగిశాక ఏం దొరికిందో చెప్పడం కష్టం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించడం మొదలుపెట్టినప్పటి నుంచీ నా అనుభవం ఇదే. రాక్షసుడి బలం అంచనా తప్పితే ఆ ఒక్క సాయంత్రం చప్పబడుతుంది. మంత్రవస్తువు విషయంలో అంచనా తప్పితే అది ఆటగాడి పాత్ర వివరాల కాగితం మీదికెక్కి కూర్చుంటుంది, కథ ముగిసేదాకా దిగదు.

ఈ ఆట తెలియనివారికి నాలుగు మాటలు. గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళను డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటాం. మిగతావాళ్ళు యోధుడు, దొంగ, మాంత్రికురాలు, ఇలా తలో పాత్ర తీసుకుంటారు. ‘గోడ దూకుతాను’ అంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి, పడ్డ అంకెను బట్టి దూకారో పడ్డారో తేలుతుంది. గెలుపోటములు ఉండవు. కథ సాగేకొద్దీ పాత్రల లెవెల్ పెరుగుతుంది, గుహల్లో నిధులు దొరుకుతాయి. ఆ నిధిలో ఏముండాలో తేల్చే పని డీఎంది. హైదరాబాద్‌లో శనాదివారాలు ఆడే మా బల్ల దగ్గర ఆ పని నాది.

కొత్తగా ఆడించేవాళ్ళ చేయి ముందు ‘ప్లస్ వన్’ వస్తువుల మీదికే వెళ్తుంది. ప్లస్ వన్ కత్తి, ప్లస్ వన్ కవచం, ప్లస్ వన్ డాలు. కలిసేది ఒక్క అంకే కదా, ఇస్తే పోయేదేముంది అనిపిస్తుంది. పాచికకు 20 ముఖాలు కాబట్టి ఒక్కో అంకె విలువ 5 శాతం. కత్తికైతే ఈ లెక్కతో పెద్దగా ఇబ్బంది రాదు. చిక్కంతా కవచం దగ్గరే.

నిండా లోహ కవచం తొడిగి డాలు పట్టిన యోధుడి ఆర్మర్ క్లాస్, అంటే రక్షణ అంకె, 20. గాబ్లిన్ అనే రాక్షసుడు దాడి చేసినప్పుడు పాచిక మీద పడ్డదానికి 4 కలుపుకుంటాడు. దెబ్బ తగలాలంటే 16 గానీ ఆపైన గానీ పడాలి. ఇరవైలో 5 ముఖాలన్నమాట. ఆ యోధుడికి ప్లస్ వన్ కవచం ఇచ్చాం అనుకోండి, గాబ్లిన్‌కు 4 ముఖాలే మిగులుతాయి. తర్వాతి గుహలో ప్లస్ వన్ డాలు దొరికితే 3. ఆ తర్వాత రక్షణను ఒకటి పెంచే క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ కూడా భుజాన వేసుకుంటే 2. విడివిడిగా చూస్తే మూడూ చిన్న కానుకలే, కానీ తగిలే దెబ్బలు సగానికి పైగా తగ్గిపోయాయి.

అప్పుడు ఆడించేవాళ్ళు బలమైన శత్రువును దించక తప్పదు. స్టోన్ జెయింట్‌ను తెచ్చారనుకుందాం. వాడు పాచికకు 9 కలుపుతాడు. రక్షణ 23కు చేరిన మన యోధుడికి వాడి దెబ్బ తగలాలంటే 14 పడాలి, ఇరవైలో 7 ముఖాలు. వెనకాల మామూలు బట్టల్లో నిలబడ్డ మాంత్రికురాలి రక్షణ 13 అయితే, ఆమెకు 4 పడితే చాలు. ఇరవైలో 17 ముఖాలు! యోధుడికి సరిజోడుగా తెచ్చిన శత్రువు మాంత్రికురాలిని రెండు దెబ్బల్లో నేల కూలుస్తాడు. ఇందులో ఆమె చేసిన తప్పేమీ లేదు, ఆమె స్నేహితుడికి మంచి కవచాలు దొరికాయి, అంతే.

మంత్రవస్తువుల సమతూకం అనగానే రాక్షసులకూ వీరులకూ మధ్య తూకం అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. రాక్షసుల బలం మన చేతిలోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బల్ల చుట్టూ కూర్చున్న స్నేహితుల మధ్య తూకం తప్పితే మాత్రం సరిచేయడం బహు కష్టం. ఒకరికి ప్రతి పోరాటమూ నల్లేరు మీద నడకైపోయి, పక్కవాళ్ళకు గండమైతే, కొన్నాళ్ళకు ఆ పక్కవాళ్ళు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఆ తర్వాత రావడం మానేస్తారు.

ఆట నియమాల పుస్తకంలో ప్రతి వస్తువుకూ అరుదుతనం ప్రకారం ఒక తరగతి ఉంటుంది: కామన్, అన్‌కామన్, రేర్, వెరీ రేర్, లెజెండరీ. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం రేర్ వస్తువులు ఐదో లెవెల్ నుంచి, వెరీ రేర్ పదకొండు నుంచి, లెజెండరీ పదిహేడు నుంచి. ప్లస్ వన్ కత్తి అన్‌కామన్ అయితే ప్లస్ వన్ కవచం రేర్. పైన వేసిన లెక్క పుస్తకం రాసినవాళ్ళకు తెలుసన్నమాట. కానీ ఈ తరగతులను గుడ్డిగా నమ్మకూడదు. అదే పుస్తకంలో ఒక్కసారి తాగితే గంటసేపు ఎగరగలిగే మందు వెరీ రేర్. రోజూ ఎగరేసుకు తిరిగే బ్రూమ్ ఆఫ్ ఫ్లయింగ్, అంటే ఎగిరే చీపురు, అన్‌కామన్! మూడో లెవెల్ పాత్రకు ఆ చీపురు ఇస్తే కందకాలూ కొండచరియలూ కోటగోడలూ అడ్డంకులు కాకుండా పోతాయి. తరగతి పేరు చూసి ఇచ్చేయకుండా, ఈ వస్తువు వల్ల నా కథలో ఏ అడ్డంకి ఇకపై అడ్డంకి కాదు అని ఒక్కసారి ఆలోచించుకోవాలి.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే గైగ్యాక్స్, ఆలోచన లేకుండా శక్తిమంతమైన వస్తువులు పెట్టడం వల్ల ఎన్నో ఆటలు పాడైపోయాయని హెచ్చరించాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ వస్తువులకు ధరలు కట్టింది: ఆయుధానికి ప్లస్ వన్ కావాలంటే 2,000 బంగారు నాణేలు, ప్లస్ టూకు 8,000, ప్లస్ త్రీకి 18,000. లెక్క బాగుంది గానీ మంత్రఖడ్గం అంగడి సరుకైపోయింది. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఆటగాళ్ళనే కోరికల జాబితా రాసివ్వమంది. ఐదో ఎడిషన్ మరో దారి పట్టింది. మంత్రవస్తువు ఒక్కటీ లేకపోయినా ఆట నడిచేలా లెక్కలు కట్టి, బలమైన వస్తువులకు అట్యూన్‌మెంట్ అనే షరతు పెట్టింది. అలాంటి వస్తువులు ఒక పాత్రకు ఒకేసారి మూడుకు మించి పనిచేయవు. నా దృష్టిలో ఇంత సులువుగా ఇంత మేలు చేసిన నియమం ఈ ఆటలో మరొకటి లేదు. నాలుగోది దొరికినప్పుడు ఏది వదులుకోవాలో ఆటగాడు ఎంచుకోవాలి, లేదా పక్కవాళ్ళకు ఇవ్వాలి. ‘ఇది నాకంటే నీకే ఎక్కువ పనికొస్తుంది, తీసుకో’ అని ఒక ఆటగాడు మరొకరితో అనడం మా బల్ల దగ్గర విన్నాను. ఆ మాట అనిపించగలిగితే ఆ నియమం చాలు.

మన ‘పాతాళభైరవి’ (1951) చూసినవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కోరింది ఇచ్చే విగ్రహం కథానాయకుడు తోటరాముడి చేతికొచ్చాక కథలో ఇక కష్టమేముంది? ఆ విగ్రహం మాంత్రికుడి చేతిలో పడితేనే కథ ముందుకు కదులుతుంది. సినిమాలో అది గొప్ప మలుపు. బల్ల దగ్గర అదే పని చేస్తే, అంటే ఇచ్చిన వస్తువును దొంగల చేత ఎత్తుకుపోయేలా చేస్తే, ఆటగాడి మనసు విరుగుతుంది. రాముడు మనం చూసే పాత్ర. ఇక్కడ రాముడు మన ఎదురుగా కూర్చున్న స్నేహితుడు. అందుకే కోరికలు తీర్చే వస్తువు ఇవ్వాలనుకుంటే, వాడుకుంటే అయిపోయేదే ఇవ్వాలి. రింగ్ ఆఫ్ త్రీ విషెస్ అనే ఉంగరం మూడు కోరికలు తీర్చాక మామూలు ఉంగరమైపోతుంది. ఎవరూ దొంగిలించనక్కర్లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి పాచిక జోలికే పోని వస్తువులు. వాటిలో ఇమ్మూవబుల్ రాడ్‌ది మొదటి స్థానం. చూడటానికి ఇనుప కడ్డీ. బటన్ నొక్కితే ఉన్నచోటే, గాల్లో అయినా సరే, బిగుసుకుపోతుంది. 8,000 పౌండ్ల బరువు, అంటే దాదాపు 3,600 కిలోలు మోస్తుంది. కత్తిపోటుకు ఒక్క అంకె కలపదు. దొంగ పాత్ర ఆడే అమ్మాయికి దాన్ని ఇచ్చినప్పుడు మొదట ఆమె ముఖంలో పెద్ద సంతోషమేమీ కనిపించలేదు.

“అన్నా, బటన్ మళ్ళీ నొక్కేదాకా ఇది కదలదా?”

“కదలదమ్మా. చాలా బలమున్నవాడు గట్టిగా తోస్తే తప్ప.”

“తలుపుకు అవతలివైపు అడ్డంగా పెట్టి నొక్కితే?”

“తలుపు తెరుచుకోదు.”

అక్కణ్ణుంచి ఇక ఆమెను ఆపలేకపోయాం. తరుముకొస్తున్న కాపలావాళ్ళ ముందు తలుపు బిగించింది. పాడుబడ్డ బావిలోకి దిగడానికి బావి నోటి మధ్యలో కడ్డీని గాల్లో నిలిపి దానికి తాడు కట్టింది. పైనుంచి దిగుతున్న ఇనుప కటకటాల కింద దాన్ని నిలబెట్టి అందరినీ బయటపడేసింది. ఎక్కువ పోరాటాల్లో వెనకే ఉండే పాత్ర ఆమెది. ఆ కడ్డీ వచ్చాక, చిక్కు వచ్చిన ప్రతిసారీ బల్ల మొత్తం ఆమె వైపు తిరుగుతోంది. రక్షణ అంకె ఒక్కటి కూడా పెరగలేదు, నేను ఏ రాక్షసుణ్ణీ బలపరచాల్సిన అవసరం రాలేదు.

అలాగని యోధుడికి కత్తి ఇవ్వొద్దని కాదు. మాంత్రికురాలికి లెవెల్ పెరిగేకొద్దీ కొత్త మంత్రాలు వాటంతటవే వస్తాయి, యోధుడికి ఆ వసతి లేదు. పైగా 2014 నాటి పుస్తకంలో చాలా రాక్షసుల మీద మామూలు ఆయుధాల దెబ్బ సగమే పనిచేస్తుంది. అలాంటివి ఎదురయ్యే వేళకు యోధుడికి మంత్రఖడ్గం బహుమతి కాదు, పనిముట్టు. దాన్ని బహుమతిగా లెక్కేసి ‘నీకు ఇచ్చేశాం కదా’ అనడం అన్యాయం. ప్లస్ వన్‌తో పాటు దానికి మరో చిన్న గుణం జోడించండి: చీకట్లో కొద్దిగా వెలగడమో, శత్రువు దగ్గరున్నప్పుడు పిడి వేడెక్కడమో.

ఈ వారం మీ బల్ల మీద ఒక నిధి పెట్టె తెరుచుకోబోతుంటే, ముందు ఆటగాళ్ళ కాగితాలన్నీ అడిగి తీసుకుని చదవండి. ఎవరికి చివరిసారి ఏం దొరికిందో పక్కన రాసుకోండి. ఎక్కువ కాలంగా ఏమీ దొరకనివాళ్ళ పేరు అక్కడే కనిపిస్తుంది. వాళ్ళ పాత్ర పోరాటం లేనప్పుడు ఏం చేయాలని ఆశపడుతోందో ఫోన్ చేసి అడగండి. దానికి పనికొచ్చే వస్తువే ఈసారి పెట్టెలో పెట్టండి.