కౌశికోపాఖ్యానమున ధర్మనిర్ణయము

ధర్మమునకు మూల మీశ్వరాజ్ఞయా, మానవవివేకమా యను చర్చ మన పండితులలోఁ జిరకాలముగ నున్నది. వ్యాసభారతమునఁ గర్ణపర్వమందలి కౌశికోపాఖ్యాన మిచ్చటఁ బరిశీలింపఁ దగినది.

గాండీవము నన్యున కిమ్మనిన ధర్మజునిఁ దన ప్రతిజ్ఞానుసారముగ వధింప నర్జునుఁ డుద్యుక్తుఁడయ్యెను. శ్రీకృష్ణుఁ డీశ్వరుఁడయ్యుఁ దన యాజ్ఞయని వారింపక హేతువులఁ జూపెను: సత్యవ్రతుఁడగు కౌశికుఁడు దాఁగిన జనుల జాడ దస్యులకుఁ దెలిపి, వారి చావునకుఁ గారణమై నరకమున కేఁగెను, శ్రుతి సర్వమును విధింపలేదు, ప్రజల ధరించునదియే ధర్మము. ధృఞ్ ధాతువుపై మన్ ప్రత్యయము చేరిన యీ శబ్దమునకు వ్యుత్పత్త్యర్థమును నదియే.

వక్త యీశ్వరుఁడు గావున నిదియు నీశ్వరాజ్ఞయే యని కొందఱందురు. అది సరికాదు. ఈ ధర్మరహస్యమును భీష్ముఁడు గాని, విదురుఁడు గాని, కుంతి గాని చెప్పఁగలరని కృష్ణుఁడే యనెను. వక్త మాఱినను హేతువు మాఱదు గదా!

అట్లైన నెవని యిష్టము వానికి ధర్మ మగునా? కాదు. అర్జునుఁడును దన ప్రతిజ్ఞయే ధర్మమని తలంచెను. లోకధారణమే పరీక్ష, ఇష్టము గాదు. కౌశికునకుఁ దపస్సుండెను గాని శాస్త్రపరిచయము చాలదయ్యెను. సత్యము పలుకుమని బాలురకు బోధించు మనము, ఆ సత్య మెవరిని రక్షించునో విచారించుటయు నేర్పవలయును.