గొర్రె మెదడూ, డబ్బా మీది చీటీ

ఈ వారం రక్తపరీక్షకి వెళ్తే ల్యాబు కుర్రాడు నా పేరు సూది గుచ్చే ముందు అడిగాడు, గుచ్చాక అడిగాడు, గొట్టానికి చీటీ అంటిస్తూ మళ్లీ అడిగాడు. కాగితం మీద ఉంది కదయ్యా అంటే, ‘‘మీ నోటితో చెప్పాలి సార్’’ అన్నాడు. ఫారాలంటే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. రోగాన్ని పట్టేది కన్నే, కాగితం కాదు అని పశువైద్య విద్యార్థుల చెవుల్లో ఊదీ ఊదీ రిటైరైనవాణ్ని.

అలా విసుక్కుంటూ కూర్చున్నప్పుడే ఎడింబరో గొర్రెలు గుర్తొచ్చాయి.

స్క్రేపీ అనే మెదడు జబ్బు పట్టిన గొర్రె దురద ఆపుకోలేక కంచెకేసి రుద్దుకుని ఉన్ని ఊడగొట్టుకుంటుంది, తూలుతుంది, చివరికి చస్తుంది. మన కుమావూ కొండల్లోనూ ఉన్నట్టు 1961లో రాశారు. దీనికి సూక్ష్మజీవేదీ కారణం కాదు. ఒంట్లోని ప్రొటీనే వంకరగా మడతపడి పక్కవాటినీ తనలా మారుస్తుంది. ఒంటికి అది పరాయిది కాదు కాబట్టి రక్తంలో యాంటీబాడీలు వెతికి లాభం లేదు. జబ్బు ఖాయం చేసుకోవాలంటే గొర్రె చచ్చాక తల కోసి, పుర్రె వెనక రంధ్రంలోంచి పొడుగాటి చెంచా దూర్చి మెదడు కాండాన్ని లాగాలి. అందులో ‘వి’ ఆకారంలో విచ్చుకున్న ఒబెక్స్ అనే చోటే కావాలి. కోత కాస్త పక్కకి జారిందా, ఆ ముక్క దండగ. కొంత ఫార్మలిన్‌లో వేస్తారు, కొంత ఫ్రీజర్లో పెడతారు. పల్చగా తరిగి రంగేసిన ముక్కని మైక్రోస్కోపు కింద చూస్తే నాడీకణాల నిండా అట్టుకి పడ్డట్టు చిల్లులు. చిల్లులొక్కటే చాలవు. యాంటీబాడీ పట్టించాక వంకర ప్రొటీన్ ఉన్నచోటల్లా గోధుమరంగు తేలాలి. ఫ్రీజర్ ముక్కనైతే నూరి ప్రొటీనేజ్-కె అనే ఎంజైము కలుపుతారు. మంచి ప్రొటీన్ అరిగిపోతుంది, వంకరది మొండిగా మిగులుతుంది.

ఇదే తరహా జబ్బైన పిచ్చి ఆవు వ్యాధి గొర్రెలకీ పాకి స్క్రేపీ ముసుగులో దాక్కుందేమోనని బ్రిటన్‌కి బెంగ పట్టుకుంది. 1990ల మొదట్లో పోగుచేసిన గొర్రె మెదళ్ల ముద్దని ఎడింబరోలో ఎలుకలకెక్కించి ఏళ్లతరబడి చూశారు. అవసరమైతే దేశంలోని గొర్రెలన్నిటినీ చంపే ప్రణాళికా తయారైంది. తీరా 2001 అక్టోబరులో, ఫలితం ప్రకటించబోయే ముందు, ఆ ముద్దకి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిందేమిటి? అది ఆవు మెదడు!

ఎడింబరోలో కళ్లకేం తక్కువ లేదు. ముద్ద చేశాక ఆవుదో గొర్రెదో ఏ కన్నూ చెప్పలేదు, డబ్బా మీది చీటీ చెప్పాలి. ఆ చీటీల వెంట వెనక్కి వెళ్లిన ఆడిటర్లకి దారి మధ్యలోనే తెగిపోయింది.

ఇంకేం, ఫారాలకి దండం పెట్టేద్దామనుకుంటుండగా నార్వే అడ్డొచ్చింది. 1998లో అక్కడ కొత్తరకం స్క్రేపీ బయటపడింది. కోత సరిగ్గానే ఉన్నా ఒబెక్స్ దగ్గర ఎప్పుడూ కనబడే చిల్లుల్లేవు. జబ్బు ఆనవాళ్లు ఎక్కువగా చిన్నమెదడులో ఉన్నాయి. ఒబెక్స్ ఒక్కటే పంపమనే ఫారాన్ని ఎంత నిక్కచ్చిగా నింపినా అలాంటి గొర్రె తప్పించుకుపోవచ్చు. అలవాటైన చోటు దాటి పక్క ముక్కని కూడా చూసిన కన్నే దాన్ని పట్టింది. ఇప్పుడు ఒబెక్స్‌తోపాటు చిన్నమెదడు ముక్క కూడా పంపమంటున్నారు. అంటే ఫారంలో మరో గడి. ఆ ఒక్క గడినీ తిట్టను. మిగతావాటి సంగతి వచ్చేవారం.