ఆనకట్ట దగ్గర రాసిన లెక్క

కృష్ణా జలాల వివాదంలో ప్రభుత్వాలు ఏం వాదించాయో చదవడం నాకు ఇష్టం. ఎవరు గెలిచారన్న దానికన్నా, ఆ వాదన ఏ ఆధారం మీద నిలబడిందో వెతుకుతాను. బచావత్ ట్రిబ్యునల్ ముందు మూడు రాష్ట్రాలు దేని మీద తగవుపడినా, 75 శాతం విశ్వసనీయతతో నదిలో దొరికేది 2,060 టీఎంసీలన్న దగ్గర మాత్రం ఒప్పుకున్నాయి. ఆ అంకె మన విజయవాడది. 1894-95 నుంచి 78 ఏళ్లపాటు ఇక్కడి ప్రవాహాలను లెక్కగట్టి తేల్చినది. ఏటేటా కొలిచి రాసిపెట్టిన ఆ చిరుద్యోగులకు నేను మనసులో దండం పెట్టుకుంటాను.

1960 సెప్టెంబరు నాటికి ఉన్న వాడకాలను ట్రిబ్యునల్ కాపాడింది. అందుకే డెల్టాకు 181.2 టీఎంసీలు దక్కాయి. మన డెల్టాకు రాసిపెట్టిన లెక్క ఉంది. రాయలసీమకు దాహం ఉంది కానీ పాత వాడకం లేదు. అక్కడి హంద్రీ-నీవా, గాలేరు-నగరి పథకాలు మిగులు జలాల మీదే ఆశ పెట్టుకున్నాయి. ఆ మిగులును వాడుకునే స్వేచ్ఛే ట్రిబ్యునల్ మన ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, హక్కు ఇవ్వలేదు. అంటే మన రాష్ట్రం ఒకే నోటితో డెల్టా కోసం పాత వాడకాన్నీ, సీమ కోసం అవసరాన్నీ వాదించాలి. ఇప్పుడు తెలంగాణ కూడా పరీవాహక ప్రాంతం, అవసరం చూపించే తన వాటా అడుగుతోంది. సీమ విషయంలో న్యాయమైన మాట తెలంగాణలోని పాలమూరు విషయంలో కాకుండా పోదు. ఈ చిక్కును మన వకీళ్లు దాటవేయకుండా తేల్చాలని నా కోరిక.

పట్టిసీమ ఎత్తిపోతల సంగతీ ఇంతే. 2015 నుంచి గోదావరి నీళ్లు ప్రకాశం బ్యారేజీకి చేరుతున్నాయి, డెల్టాలో నారుమళ్లకు అదును దొరికింది. అలా ఆదా అయిన కృష్ణా నీటిని సీమకు ఇస్తున్నామని సభల్లో గట్టిగా చెప్పుకున్నాం. ఇటు చూస్తే, గోదావరి మళ్లింపుకు బదులుగా నాగార్జునసాగర్ ఎగువన దక్కాల్సిన 45 టీఎంసీలు తమవేనని తెలంగాణ అంటోంది. సభలో చెప్పిన మాట ట్రిబ్యునల్‌లో అవతలి పక్షానికి సాక్ష్యపు కాగితమవుతుంది.

2023లో కేంద్రం, కృష్ణా జలాల మీదే విచారిస్తున్న బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చింది, మన రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన తరఫున ఏం రాసి ఇచ్చారో దివిసీమ చివరి ఆయకట్టు రైతుకు తెలియాలి. ఆ అఫిడవిట్లను తెలుగులో అచ్చువేసి ప్రతి నీటి సంఘానికీ పంపండి.